గడువు లేని దిగులు: కార్టిసాల్ మీద తొంభై ఏళ్ల చర్చ

భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. 2022 జూలైలో 71.3 అడుగులు. ఏటి ఒడ్డు ఊళ్లలో ఈ అంకెలు చాలామందికి కంఠస్థం. నీటిమట్టానికి ఉన్నట్టే మనసులోని దిగులుకు కూడా ఒక కొలత దొరికిందని వైద్యశాస్త్రం ఒకప్పుడు గట్టిగా నమ్మింది. ఆ కొలత కార్టిసాల్ అనే హార్మోన్. ఒత్తిడి పెరిగితే అదీ పెరుగుతుంది, ఒత్తిడి దిగితే అదీ దిగుతుంది అనుకున్నారు. పత్రికల ఆరోగ్యం పేజీల్లో ఇప్పటికీ ఎక్కువగా కనిపించేది ఈ మాటే.

పరిశోధన అంత సాఫీగా నడవలేదు. ఏళ్ల తరబడి ఒత్తిడిలో బతికినవాళ్లలో కొందరికి కార్టిసాల్ ఎక్కువగా ఉంది, కొందరికి మామూలు కన్నా తక్కువగా ఉంది, ఇంకొందరిలో ఏ తేడా లేదు. ఎవరి లెక్క వాళ్లకుంది, ఎవరి వాదం వాళ్లకుంది. ఈ చిక్కును కొంతవరకు విప్పిన ప్రశ్న ఒకటుంది: ఆ ఒత్తిడి ఇంకా నడుస్తోందా, ముగిసిపోయిందా? ఖమ్మం, భద్రాచలం అడవి అంచున నిలబడి చూస్తే ఈ ప్రశ్నకే జవాబు చెప్పడం కష్టం. అందుకే ఈ సమీక్షను ఆ నేలను ముందు పెట్టుకుని రాయాల్సి వచ్చింది.

నిమిషాల పని, ఏళ్ల పని

ఊరు ఖాళీ చెయ్యమని అర్ధరాత్రి మైకులో చాటింపు వినపడిందనుకుందాం. కొన్ని సెకన్లలోనే నరాల నుంచి కబురు అందుకుని అడ్రినల్ గ్రంథి లోపలి భాగం అడ్రినలిన్‌ను వదులుతుంది. గుండె దడ, అరచేతుల్లో చెమట, నోరెండిపోవడం దాని వల్లే. రెండో దారి నెమ్మది. మెదడులోని హైపోథలమస్ సీఆర్‌హెచ్ అనే హార్మోన్‌ను పంపుతుంది. అది పిట్యూటరీ గ్రంథిని తట్టి ఏసీటీహెచ్ అనే మరో హార్మోన్‌ను విడుదల చేయిస్తుంది. ఏసీటీహెచ్ రక్తంలో ప్రయాణించి, మూత్రపిండాల నెత్తిన కూర్చున్న అడ్రినల్ గ్రంథుల పైపొరకు చేరి కార్టిసాల్‌ను తయారు చేయిస్తుంది. ఇరవై ముప్పై నిమిషాల్లో రక్తంలో దాని మోతాదు తారస్థాయికి వెళ్తుంది. కాలేయం నుంచి చక్కెరను బయటికి తెప్పిస్తుంది, వాపును అణుస్తుంది, చివరికి మెదడుకే తిరిగి వెళ్లి ఇక చాలని చెప్తుంది. పిల్లల్ని చంకనేసుకుని, బియ్యం మూట నెత్తిన పెట్టుకుని, మేకల్ని తోలుకుంటూ గట్టెక్కే ఆ గంటలో మనిషిని నిలబెట్టేది ఈ ఏర్పాటే.

ఏ భయమూ లేని రోజున కూడా కార్టిసాల్‌కు ఒక నడక ఉంది. తెల్లవారుజామున పెరుగుతూ వస్తుంది. మెలకువ వచ్చాక అరగంట, ముప్పావుగంట లోపు మరో యాభై శాతమో అంతకు మించో ఎగబాకుతుంది. పొద్దు గూకే కొద్దీ దిగి, నడిరేయికి అడుగంటుతుంది. సింగరేణి బొగ్గుబావుల్లో వారం వారం షిఫ్టు మారే కార్మికుల ఒంట్లో ఈ నడకే తడబడుతుంది. నిద్ర వేళ మారినంత తొందరగా హార్మోన్ వేళ మారదు. కాబట్టి కార్టిసాల్ ఎంత అని అడిగే ముందు ఏ పూట, ఎప్పుడు లేచిన మనిషిలో అని అడగాలి. తొలినాళ్ల అధ్యయనాల్లో సగం గందరగోళం ఇక్కడే పుట్టింది.

సెల్యె ఎలుకలు, మేసన్ కోతులు

1936 జూలైలో ‘నేచర్’ పత్రికలో హాన్స్ సెల్యె ఒక చిన్న ఉత్తరం అచ్చు వేయించారు. ఎలుకలను చలిలో పెట్టినా, గాయపరిచినా, విషం ఎక్కించినా, ఒళ్లు హూనమయ్యేలా పరుగెత్తించినా లోపల కనిపించిన మార్పులు ఒకటే: అడ్రినల్ గ్రంథుల ఉబ్బు, థైమస్ కుంచించుకుపోవడం, జీర్ణాశయంలో పుండ్లు. కారణం ఏదైనా శరీరం పలికే తీరు ఒకటేనన్నారు. దానికి మూడు దశలు చెప్పారు: ఉలికిపాటు, తట్టుకోవడం, చివరికి సత్తువ అయిపోవడం. ఈ మూడో దశే జనం మనసులో నాటుకుపోయింది. ఒత్తిడి వల్ల గ్రంథి అరిగిపోతుందన్న ఊహకు మూలం ఇదే.

జాన్ మేసన్ ఈ భవనం పునాదినే తట్టి చూశారు. 1960లలో ఆయన కోతులతో చేసిన ఒక ప్రయోగం ఇప్పటికీ చదవదగ్గది. పక్క బోనుల్లో కోతులు తింటుంటే పస్తున్న కోతికి హార్మోన్ పెరిగింది. దాన్ని వేరుగా ఉంచి, పోషకం లేకపోయినా పండు రుచి ఉన్న బిళ్లలు పెడితే, పస్తు పస్తే అయినా హార్మోన్ పెరగలేదు. అంటే అంతకుముందు కొలిచింది ఆకలిని కాదు, తనకు పెట్టలేదన్న బాధను. కొత్తదనం, ఏం జరుగుతుందో తెలియకపోవడం, పరిస్థితి తన చేతిలో లేకపోవడం: అడ్రినల్‌ను కదిలించేవి ఇవేనని మేసన్ వాదించారు. 2004లో డికర్సన్, కెమెనీ 208 ప్రయోగశాల అధ్యయనాలను కలిపి చూసినప్పుడు కూడా ఇదే తేలింది. పదిమంది ముందు తక్కువ చేసి చూస్తారన్న భయం, ఏం చేసినా ఫలితం మారదన్న స్థితి, ఈ రెండూ కలిసిన చోట కార్టిసాల్ అన్నిటికన్నా ఎక్కువగా లేచింది.

మధ్యలో 1984లో అలన్ మంక్, ఆయన సహచరులు చెప్పిన మాట ఈ చర్చను మరోవైపు తిప్పింది. కార్టిసాల్ ఒత్తిడి మంటను ఎగదోస్తుందనుకున్నాం, అసలు అది ఆ మంట ఇల్లంతా కాల్చకుండా ఆర్పే నీళ్ల లాంటిదని వాళ్ల సూచన. అలా అయితే కార్టిసాల్ తక్కువ కావడం కూడా ప్రమాదమే.

హైదరాబాదు నుంచి వచ్చిన హెచ్చరిక

ఒత్తిడి పరిశోధన చరిత్రల్లో సాధారణంగా కనిపించని అధ్యాయం ఒకటి మన దగ్గరే ఉంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో సి. గోపాలన్, కమలా జయరావు వంటి వాళ్లు తిండి చాలని పిల్లల మీద పనిచేశారు. ఒకే రకం పేద తిండి తిన్న పిల్లల్లో ఒకరు ఎముకల గూడుగా ఎండిపోతారు, ఇంకొకరు ఒళ్లంతా నీరు పట్టి ఉబ్బుతారు. ఎందుకు? 1974లో ‘లాన్సెట్’లో కమలా జయరావు ఇచ్చిన వివరణలో కార్టిసాల్‌దే ముఖ్యపాత్ర. ఎండిపోయిన బిడ్డలో కార్టిసాల్ బాగా పెరిగి, కండను కరిగించి, ఆ సరుకును కాలేయానికి చేరవేసి ప్రాణాధారమైన ప్రోటీన్‌ను నిలబెడుతుంది. అది శరీరం కుదుర్చుకున్న ఒప్పందం. ఆ ఒప్పందం తెగినప్పుడు ఒళ్లు ఉబ్బుతుంది.

నాకు ఈ పని చాలా విలువైనదిగా తోస్తుంది. పాశ్చాత్య ప్రయోగశాలల్లో కడుపునిండిన కాలేజీ విద్యార్థుల మీద చేసిన కొలతలను నేరుగా ఏజెన్సీ ఊళ్ల మీదకు తెస్తే ఏం పోతుందో ఇది చెప్తుంది. ఇక్కడ మనోవేదన ఒక్కటే రాదు. ఆకలితో, జ్వరంతో, రక్తహీనతతో కలిసి వస్తుంది. ఒక్కపూట పస్తు గురించి మేసన్ చెప్పిందీ, నెలల తరబడి అర్ధాకలి గురించి జయరావు చెప్పిందీ రెండూ నిజమే. వాటిని వేరుచేసి చూడగల అధ్యయనమే మనకు కావాలి.

ఎక్కువా, తక్కువా, మొద్దుబారడమా?

దీర్ఘకాలపు ఒత్తిడి విషయంలో ప్రధానంగా మూడు వాదాలు నిలిచాయి.

మొదటిది అతి వాదం. మెదడులో జ్ఞాపకానికి ఆధారమైన హిప్పోక్యాంపస్ ఈ హార్మోన్‌ను పట్టుకుంటుందని 1968లో బ్రూస్ మెక్‌యూవెన్ చూపించారు. కార్టిసాల్ ఎక్కువ కాలం ఎక్కువగా ఉంటే ఆ కణాలే దెబ్బతింటాయనీ, దెబ్బతిన్నకొద్దీ ఇక చాలు అని చెప్పే శక్తి తగ్గి హార్మోన్ ఇంకా పెరుగుతుందనీ 1986లో రాబర్ట్ సపోల్‌స్కీ, మెక్‌యూవెన్ తదితరులు వలయంగా వర్ణించారు. 1993లో మెక్‌యూవెన్, స్టెల్లర్ దీన్ని విస్తరించి, సర్దుకుపోవడానికి శరీరం చెల్లించే మూల్యాన్ని ఒక భారంగా లెక్కగట్టారు. ఆ భారం నాలుగు రకాలుగా పడుతుంది: దెబ్బ మీద దెబ్బ తగలడం, అదే దెబ్బకు అలవాటు పడలేకపోవడం, లేచిన హార్మోన్ దిగకపోవడం, లేవాల్సినప్పుడు లేవకపోవడం. ఈ నాలుగోది చేర్చడం వల్ల ఈ సిద్ధాంతం తర్వాతి వాదాలకు కూడా చోటిచ్చింది. దీనికి గట్టి అభ్యంతరం 2002లో వచ్చింది. యుద్ధం వల్ల మనసు గాయపడిన సైనికుల హిప్పోక్యాంపస్ చిన్నదిగా ఉన్న మాట నిజమే, కానీ వాళ్ల కవల సోదరులు యుద్ధానికి వెళ్లకపోయినా వాళ్లలో కూడా అది చిన్నదిగానే ఉందని గిల్బర్ట్‌సన్ బృందం చూపింది. ఏది కారణం, ఏది ఫలితం అన్నది అక్కడితో తేలిక ప్రశ్నగా మిగల్లేదు.

రెండోది లేమి వాదం. ఒత్తిడికి హార్మోన్ లేస్తుందని చెప్పిన మేసనే 1986లో, వియత్నాం యుద్ధం నుంచి వచ్చి పీటీఎస్‌డీతో, అంటే ఘోరం గడిచాక కూడా వదలని మనోవ్యాధితో, బాధపడుతున్న సైనికుల మూత్రంలో కార్టిసాల్ తక్కువగా ఉందని ప్రకటించడం ఈ కథలో పెద్ద మలుపు. రేచెల్ యెహుదా నాజీ శిబిరాల నుంచి బతికి బయటపడినవాళ్లలో, పీటీఎస్‌డీ ఉన్నవారి విషయంలో అదే చూశారు. 2000లో హైమ్, ఎలెర్ట్, హెల్‌హమ్మర్ ఒళ్లునొప్పులు, తీరని అలసట ఉన్నవాళ్లలో కూడా ఈ లేమిని గుర్తించారు. కానీ 2007లో మీవిస్సే బృందం 37 అధ్యయనాలను కలిపినప్పుడు పీటీఎస్‌డీ ఉన్నవారికీ లేనివారికీ మొత్తం మీద తేడా కనిపించలేదు. కొన్ని వర్గాల్లోనే, కొన్ని పూటల్లోనే తక్కువగా ఉంది.

మూడోది మొద్దుబారుడు వాదం. షెల్డన్ కోహెన్ బృందం 2012లో 276 మంది వలంటీర్లకు జలుబు వైరస్ ఇచ్చి చూసింది. చాలాకాలంగా కష్టంలో ఉన్నవాళ్లకు జలుబు ఎక్కువగా పట్టింది. వాళ్ల రక్తంలో కార్టిసాల్ ఎంత ఉందన్నది మాత్రం దాన్ని చెప్పలేకపోయింది. తెల్లరక్తకణాలు కార్టిసాల్ మాట వినడం మానేశాయి. అధికారి ఉన్నాడు, ఆజ్ఞ కూడా ఇస్తున్నాడు, కింద అమలు చేసేవాళ్లే లేరు.

ఈ మూడూ పక్కపక్కన పెడితే ఒక తేడా కొట్టొచ్చినట్టు కనపడుతుంది. అతి వాదం చూసింది నడుస్తున్న కష్టాన్ని. లేమి వాదం చూసింది జరిగిపోయిన ఘోరాన్ని. మొద్దుబారుడు వాదం హార్మోన్‌ను వదిలి దాన్ని అందుకునే కణాన్ని చూసింది. 2007లో గ్రెగరీ మిల్లర్, చెన్, జౌ ఇదే దారిలో వెళ్లి సయోధ్య చేశారు. ఒత్తిడి మొదలైన కొత్తలో కార్టిసాల్ పెరుగుతుంది, కాలం గడిచేకొద్దీ తగ్గుతుంది. చేతిలో లేని కష్టమైతే ఉదయం తగ్గి, సాయంత్రం దిగాల్సినంత దిగక, రోజంతా చదునైన గీతలా సాగుతుంది. పదేళ్ల తర్వాత స్టాల్డర్ బృందం వెంట్రుకల్లో కొలిచిన 66 అధ్యయనాలను, పదివేల మందికి పైగా మనుషులను కలిపి చూసింది. ఒత్తిడి ఇంకా నడుస్తున్నవాళ్లలో కార్టిసాల్ 43 శాతం ఎక్కువ. ఒత్తిడి గతించినవాళ్లలో 9 శాతం తక్కువ, అదీ లెక్కలోకి తీసుకోదగినంత తేడా కాదు. ఇంతకాలం నడిచిన తగాదాలో పెద్ద భాగం ఈ రెండు గుంపులను కలిపి తూచడం వల్ల వచ్చిందని నేను అనుకుంటున్నాను.

అడవి అంచున ఏది గడిచింది, ఏది నడుస్తోంది?

ఇప్పుడు ఈ గీటురాయిని కూనవరం, వరరామచంద్రపురం, చింతూరు, కుక్కునూరు, వేలేరుపాడు ఊళ్ల మీద పెట్టి చూద్దాం. గోదావరి జలాల ట్రిబ్యునల్ తీర్పు 1980లో వచ్చింది. ఈ ఊళ్లను ముంచే పోలవరం ప్రాజెక్టు పనులు 2004 తర్వాత ఊపందుకున్నాయి. 2014లో ముంపు మండలాలు ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి. ఒక కోయ ఇంట్లోనో కొండరెడ్డి ఇంట్లోనో తాత, తండ్రి, కొడుకు ముగ్గురూ ఊరు మునిగిపోతుందన్న మాట వింటూనే పెరిగారు. ఇల్లు బాగుచేసుకోవాలా వద్దా, మామిడి మొక్క నాటాలా వద్దా అన్నది ఏటేటా తేలని సంగతి. దీన్ని నడుస్తున్న ఒత్తిడి అనాలా? ఇంకా జరగనిది కదా. గతించింది అనాలా? ముప్పు పోనే లేదు. స్టాల్డర్ పట్టికలో ఈ మనిషికి గడి లేదు. మేసన్ చెప్పిన అనిశ్చితి మాత్రం ఇక్కడ తరాల పొడుగునా ఉంది.

పోడు భూమిది మరో రకం. 2006 అటవీ హక్కుల చట్టం వచ్చాక కూడా అర్జీలు, సర్వేలు, కందకాలు, మొక్కలు నాటే తగాదాలు సాగాయి. 2023 జూన్ చివర తెలంగాణ ప్రభుత్వం రాష్ట్రమంతటా సుమారు 1.51 లక్షల మందికి 4.06 లక్షల ఎకరాల పోడు పట్టాలు పంచడం మొదలుపెట్టింది. ఒకే గూడెంలో కాగితం అందినవారు, అందనివారు పక్కపక్కన ఉంటారు. మావోయిస్టులకు వ్యతిరేకంగా 2005లో మొదలైన సల్వాజుడుం అనే సాయుధ దళాల కాలంలో బస్తరు నుంచి పారిపోయి వచ్చి ఈ అడవుల్లో గుడిసెలు వేసుకున్న గుత్తికోయల సంగతి ఇంకా కఠినం. సల్వాజుడుం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జూలైలో చెప్పింది. వాళ్లు చూసిన హింస గతం. కాళ్ల కింద నేల తమది కాకపోవడం వర్తమానం. లేమి వాదం, అతి వాదం రెండూ ఒకే ఒంట్లో తలపడే చోటిది.

ఈ నేలకు అన్నిటికన్నా దగ్గరగా వచ్చే అధ్యయనం మధ్యప్రదేశ్‌ది. కూనో అభయారణ్యానికి గిర్ సింహాలను తెస్తామని 1998-2002 మధ్య 24 ఊళ్ల సహరియా ఆదివాసులను తరలించారు. సింహాలు రాలేదు. జహ్రాన్, స్నాడ్‌గ్రాస్ బృందం తరలినవాళ్లను, అడవి అంచున తమ ఊళ్లలోనే ఉండిపోయినవాళ్లను పోల్చి 2015లో ఫలితాలు ప్రచురించింది. తరలినవాళ్లలో ఒత్తిడి గుర్తులు ఎక్కువ, క్రోమోజోమ్‌ల కొసల్లో ఉండే టెలోమియర్లు పొట్టివి. తరలింపు జరిగి పదేళ్లు దాటినా ఒంట్లో దాని జాడ ఉంది. అయితే ఒకే సమయంలో తీసిన కొలత ఇది. తరలింపుకు ముందు వాళ్లు ఎలా ఉన్నారో ఇందులో లేదు.

ఖమ్మం మైదానపు మిర్చి రైతు దిగులుకు మాత్రం ఒక రుతువు ఉంది. 2017 ఏప్రిల్‌లో ధర కూలి మార్కెట్ యార్డులో ఆగ్రహం పెల్లుబికింది. 2021-22లో నల్ల తామర పురుగు పూత మీదే పంటను తినేసింది. ఇలాంటి వాటికి పోలికలు దొరుకుతాయి. వానలు దెబ్బతీసినప్పుడు కెన్యా పేద రైతుల్లో కార్టిసాల్ పెరగడాన్ని షెమిన్, హౌషోఫర్ తదితరులు గమనించారు. తమిళనాడు చెరకు రైతుల మీద 2013లో వచ్చిన అధ్యయనం మరో మెలిక పెట్టింది. కోతకు ముందు చేతిలో డబ్బు ఆడని రోజుల్లో రైతులకు ఒత్తిడి ఎక్కువ, ఆలోచనలో చురుకుదనం తక్కువ. కానీ రెండోదానికి మొదటిది కారణం కాదని పరిశోధకులే తేల్చారు. పేదరికం చేసే ప్రతి గాయాన్నీ హార్మోన్ ఖాతాలో వెయ్యకూడదు.

కొలతలో చిక్కులు

ఉదయపు కార్టిసాల్‌ను పట్టుకోవాలంటే మేలుకున్న క్షణంలో ఒకసారి, అరగంటకు ఒకసారి లాలాజలం తియ్యాలి. ఇప్పపూల కాలంలో ఆడవాళ్లు చీకటితోనే లేచి, పశువులు తినకముందే చెట్టు కింద పూలు ఏరతారు. ఆ వెంటనే తునికాకు సీజన్ వస్తుంది. పొద్దున్నే అడవికి వెళ్లి ఆకు కోసి, ఇంటికొచ్చి యాభై ఆకుల కట్టలు కట్టి, సాయంత్రం కల్లానికి చేర్చాలి. మూడింటికి లేచినవాళ్లకు ఎనిమిదింటికి తీసిన నమూనా ఉదయపుది కాదు. గడియారం చూసి తీసిన అంకె ఇక్కడ అబద్ధం చెప్తుంది.

ఇంకో చిక్కు మందులది. కీళ్లనొప్పులకు, ఆయాసానికి ఊరి ఆర్‌ఎంపీలు ఇచ్చే పొట్లాల్లో డెక్సామెథాసోన్ వంటి స్టెరాయిడ్ బిళ్లలు తరచూ ఉంటాయి. వాటిని నెలల తరబడి వాడితే సొంత కార్టిసాల్ తయారీ అణగిపోతుంది. ఆ మనిషిని కొలిచి లేమి వాదానికి రుజువు దొరికిందనుకోవడం పెద్ద పొరపాటు. ఆ బిళ్లలు ఉన్నట్టుండి ఆపితే ప్రాణానికే ముప్పు కాబట్టి, ఇది కొలతకు మించిన విషయం కూడా.

అడ్రినల్ ఫెటీగ్ పేరుతో పట్టణాల్లో, ఫోన్లలో అమ్ముడవుతున్న పొడుల గురించి ఒక మాట. ఒత్తిడితో గ్రంథి అలసిపోతుందనడానికి ఆధారం లేదని 2016లో 58 అధ్యయనాలను పరిశీలించిన కడెజియాని, కాటర్ తేల్చారు. సెల్యె మూడో దశ నీడ మాత్రమే అది. కానీ అడ్రినల్ నిజంగా పాడయ్యే అడిసన్ జబ్బు ఉంది. మన దేశంలో దానికి క్షయ ఒక కారణం. బరువు తగ్గడం, చర్మం నల్లబడటం, లేస్తే కళ్లు తిరగడం, ఉప్పు మీద యావ ఉంటే అది దిగులే అని వదిలెయ్యకుండా ఆసుపత్రిలో పరీక్ష చేయించాలి.

ఇంకా తేలనివి

ఆసరా దొరికితే హార్మోన్ దిగుతుందా? మెక్సికోలో పేద కుటుంబాలకు నగదు ఇచ్చిన పథకంలో, తల్లి కుంగుబాటులో ఉన్న ఇళ్ల పిల్లల్లో కార్టిసాల్ తక్కువగా ఉందని 2009లో ఫెర్నాల్డ్, గన్నర్ చూశారు. కెన్యాలో హౌషోఫర్, షపీరో చూసినప్పుడు నగదు అందినవాళ్ల మనసు తేలికపడింది, కార్టిసాల్ మాత్రం మొత్తం మీద మారలేదు. డబ్బు వచ్చినా నిలకడ రాకపోతే శరీరం నమ్మదేమో అన్నది ఒక వివరణ. పోడు పట్టా అందిన ఇల్లు, అందని ఇల్లు పక్కపక్కనే ఉన్న గూడేల్లో ఈ వివరణను నిజంగా పరీక్షించవచ్చు. డబ్బుకూ భరోసాకూ తేడా అక్కడ ఒక కాగితం రూపంలో కనపడుతుంది.

పరీక్షకు నాకు నమ్మకం కుదిరిన సాధనం వెంట్రుక. నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది, పెరుగుతూ ఆ నెల కార్టిసాల్‌ను తనలో దాచుకుంటుంది. ఎప్పుడు లేచారు, ఏ పూట తీశారు అన్న గొడవ ఉండదు. భద్రాద్రిలోనో మేడారంలోనో తలనీలాలు ఇచ్చి వచ్చినవాళ్ల దగ్గర ఆ లెక్క మళ్లీ మొదటికి వస్తుంది కాబట్టి ఆ తేదీ అడిగి రాసుకోవాలి. అక్టోబరు మొదట్లో కూనవరంలో చర్మానికి ఆనించి కత్తిరించిన మూడు సెంటీమీటర్ల పాయలో జూలై, ఆగస్టు, సెప్టెంబరు ఉంటాయి. అదే మనిషి దగ్గర ఏప్రిల్‌లో తీసిన పాయలో ఏరు అడుగంటి ఇసుక తేలిన మూడు నెలలు ఉంటాయి. మొదటిదాంట్లో కార్టిసాల్ ఎక్కువగా ఉండి రెండోదాంట్లో తగ్గితే ఆ దిగులు వరదది. రెండూ ఒకే ఎత్తున ఉంటే, వరద తీసినా తియ్యని దిగులు ఏదో ఆ ఇంట్లో ఏడాది పొడుగునా ఉందన్నమాట.